అమెరికా ఇంట్లో ఫైర్‌ప్లేస్: గ్యాసా, కట్టెలా?

అమెరికాలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు ఫైర్‌ప్లేస్ చాలాసార్లు అడగకుండానే ఇంటితో పాటు వస్తుంది. పాత ఇల్లయితే ఇటుకలతో కట్టిన కట్టెల పొయ్యిని అలాగే ఉంచాలా, గ్యాస్‌కు మార్చాలా అని ఆలోచించాలి. కొత్తగా కట్టించుకునే ఇల్లయితే బిల్డర్ ఇచ్చిన జాబితాలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. గ్యాస్ శుభ్రమనీ, కట్టెల మంట అందమనీ అనుకోవడంతో ఈ చర్చ సాధారణంగా ముగుస్తుంది. అయితే ముందుగా తేల్చుకోవలసింది ఆ పొయ్యి గదివైపు తెరిచి ఉండేదా, గాజు తలుపుతో పూర్తిగా మూసి ఉండేదా అన్న సంగతి. వేడి, ఖర్చు, ఇంట్లోని గాలి, ప్రమాదం ఇవన్నీ ఇంధనం కన్నా దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి.

తెరిచిన పొయ్యిలో కట్టెలు మండుతున్నప్పుడు ఎదురుగా కూర్చున్నవారికి సెగ బాగానే తగులుతుంది గానీ, పైకి లేచే వేడిగాలి తనతో పాటు గదిలోని గాలిని కూడా పొగగొట్టంలోకి లాక్కుపోతుంది. ఆ గాలి అప్పటికే ఫర్నేస్, అంటే ఇల్లంతటినీ వెచ్చబరిచే యంత్రం, వేడి చేసినది. దాని స్థానంలోకి కిటికీల సందుల్లోంచి, తలుపుల కిందనుంచి బయటి చలిగాలి వస్తుంది కాబట్టి, హాలు వెచ్చబడుతూ ఉండగానే పడకగదులు చల్లబడతాయి. థెర్మోస్టాట్ కూడా ఆ హాల్లోనే ఉంటే, ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని ఫర్నేస్ ఆగిపోతుంది. కట్టెల్లోని వేడిలో పదో వంతు ఇంటికి దక్కినా గొప్పే. ఇదే పొయ్యిలో కృత్రిమ దుంగలు పెట్టి గ్యాస్ మంట వెలిగించినా కథ పెద్దగా మారదు. పైగా వాయువులు లోపల నిలవకుండా డాంపర్‌ను, అంటే పొగగొట్టాన్ని మూసే రేకు తలుపును, శాశ్వతంగా కొద్దిగా తెరిచి ఉంచే క్లాంపు బిగించాలి కనుక, మంట లేని రోజుల్లో కూడా వేడి ఆ సందులోంచి పోతూనే ఉంటుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూసుకోవలసిన విషయం వంటగది ఎగ్జాస్ట్. తాలింపు ఘాటు, వేపుళ్ల వాసన ఇంట్లో నిలవకూడదని చాలామంది నిమిషానికి 600 నుంచి 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోసే హుడ్ పెట్టించుకుంటారు. సందులు లేకుండా కట్టిన ఇంట్లో అంత గాలి బయటికి పోతే, ఆ లోటు భర్తీ కావడానికి పొగగొట్టమే దారి అవుతుంది. పొగ వెనక్కి తిరిగి హాల్లోకి వస్తుంది. మంట ఆరి నిప్పులు మాత్రమే మిగిలిన సమయం మరీ ప్రమాదకరం. అప్పటికి పొగగొట్టం చల్లబడి లాగే శక్తి తగ్గిపోతుంది, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వెలువడుతూనే ఉంటుంది. అందుచేత తెరిచిన పొయ్యి ఉన్న ఇంట్లో హుడ్ వేసినప్పుడు దగ్గరలోని కిటికీ తెరవాలి. ఏ రకం పొయ్యి ఉన్నా ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి.

డైరెక్ట్ వెంట్ గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కు ఈ బెడద దాదాపుగా ఉండదు. దాని గొట్టంలో రెండు పొరలు ఉంటాయి: లోపలి గొట్టం వాయువులను బయటికి పంపితే, బయటి గొట్టం మంటకు కావలసిన గాలిని ఆరుబయటనుంచే తెస్తుంది, ముందున్న గాజు మూసే ఉంటుంది కాబట్టి గదిలోని గాలితో మంటకు సంబంధం లేదు. ఎత్తయిన పొగగొట్టం కూడా అక్కర్లేకుండా పక్కగోడలోంచే గొట్టం తీయవచ్చు. చిన్నపిల్లలూ, చలికాలంలో వచ్చి ఉండే పెద్దవారూ ఉన్న ఇంటికి నేను సూచించేది ఇదే. బీటీయూ వేడికి కొలత, లక్ష బీటీయూలు ఒక థెర్మ్; అంటే గంటకు 30,000 బీటీయూల పొయ్యి గంటలో 0.3 థెర్మ్ గ్యాస్ వాడుతుంది. మీ బిల్లులోని థెర్మ్ ధరతో గుణిస్తే గంట ఖర్చు తెలిసిపోతుంది. అయితే ఆ గాజు చర్మం కాలేంత వేడెక్కుతుంది. 2015 నుంచి తయారైన వాటికి రక్షణ తెర జతగా వస్తుంది. పాతదైతే విడిగా కొని పెట్టించాలి. గొట్టమే లేని వెంట్‌లెస్ రకం చవక. కానీ మండగా వచ్చిన నీటి ఆవిరి, వాయువులు అన్నీ గదిలోకే వస్తాయి. కాలిఫోర్నియా ఇళ్లలో దానికి అనుమతి లేదు. అనుమతి ఉన్నచోట కూడా నేను పెట్టించను. పైపులైను లేని ఊళ్లో ప్రొపేన్ వాడేటట్లయితే, అది గాలికన్నా బరువైనదనీ, లీకైతే బేస్‌మెంట్‌లో పేరుకుంటుందనీ గుర్తుంచుకోవాలి.

కట్టెలకు బలమైన కారణం కరెంటు పోవడం. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సాస్‌లో లక్షలాది ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీతో వెలిగే గ్యాస్ పొయ్యి కూడా అలాంటప్పుడు పనికొస్తుంది గానీ, తరచూ కరెంటు పోయే పల్లెప్రాంతంలో, సొంత చెట్లున్న స్థలంలో కట్టెలకే మొగ్గు చూపడం సబబు. అక్కడ కూడా తెరిచిన పొయ్యి వద్దు; పాత పొయ్యి లోపల అమరే, గాజు తలుపున్న లోహపు పెట్టెను (ఇన్‌సర్ట్), అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ధ్రువీకరణ ఉన్నదాన్ని, పొగగొట్టం లోపల పైదాకా వెళ్లే స్టీలు గొట్టంతో (లైనర్) పెట్టించాలి. 2020 నుంచి వీటి పొగకణాలు, పరీక్ష పద్ధతిని బట్టి, గంటకు రెండు లేదా రెండున్నర గ్రాములు దాటకూడదన్న నియమం ఉంది.

ఇక కట్టెల సంగతి. వీటిని కొనే కొలత కార్డ్, అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున పేర్చిన 128 ఘనపుటడుగుల కట్టెలు. ట్రక్కు లెక్కన కొంటే ఎంత వచ్చిందో తెలియదు. తేమ 20 శాతం లోపు ఉండాలి. ఎండినవే అని అమ్మేవాడు చెప్పినా ఒక కట్టెను చీల్చి, లోపలి ముఖం మీద తేమ మీటరు పెట్టి చూడండి. ఓక్ అయితే ఎండడానికి రెండేళ్లయినా పట్టవచ్చు. పచ్చికట్టె పొగ గొట్టంలో క్రియోసోట్ అనే జిగట మసిగా పేరుకుని, చివరకు అదే అంటుకుంటుంది, కనుక ఏటా తనిఖీ తప్పదు. భోగికి పాత కుర్చీనో ప్లైవుడ్ ముక్కనో అందులో వేయాలన్న ఉత్సాహాన్ని మాత్రం ఆపుకోవాలి: రంగు, వార్నిషు, జిగురు పూసిన చెక్క విషవాయువులు వదులుతుంది. బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉండగలదు కాబట్టి, దాన్ని మూత ఉన్న లోహపు డబ్బాలోకి ఎత్తి ఇంటికి దూరంగా ఉంచాలి.

కొన్నిచోట్ల చట్టమే సగం నిర్ణయం చేసేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబరు నుంచి కొత్త భవనాల్లో కట్టెల పొయ్యిలకు అనుమతి లేదు. గాలి పాడైన రోజుల్లో పాతవాటిని వెలిగించడం మీద కూడా ఆంక్షలు ఉంటాయి. సియాటిల్ వైపు కూడా చలికాలంలో ఇలాంటి నిషేధాలు ప్రకటిస్తారు. మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్ఓఏ) నిబంధనలు వేరుగా చూసుకోవాలి.

ఇల్లు కొనే ముందు మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌తో సరిపెట్టుకోకండి, అందులో పొగగొట్టం లోపలికి చూడరు. కెమెరా దించి చూసే రెండో స్థాయి తనిఖీని ధ్రువీకరణ ఉన్న చిమ్నీ నిపుణుడి చేత చేయించి, ఆ నివేదికను ముందు పెట్టుకుని బేరమాడండి. కట్టెల ఇన్‌సర్ట్ పెట్టించేటట్లయితే నగర అనుమతి తీసుకుని, ఇంటి బీమా సంస్థకు ముందుగానే తెలియజేసి, ప్రీమియంలో వచ్చే తేడాను కూడా ఖర్చులో కలిపి లెక్క చూసుకోండి.