క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్: దరఖాస్తుకు ముందే చదవవలసిన అనుమతి పత్రం

క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేయాలనుకునేవారు దరఖాస్తు ఫారం తెరవకముందే ఒక విషయం తేల్చుకోవాలి. పరిశోధన చేసి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మీ ఉద్దేశమా, లేక ఆసుపత్రిలోనో సొంత క్లినిక్‌లోనో రోగులను చూడడమా? మొదటిదానికి పీహెచ్‌డీ సరిపోతుంది. రెండోదానికి పీహెచ్‌డీ ఒక్కటే సరిపోదు. ఈ తేడా తెలియకనే ఏటా ఎందరో అభ్యర్థులు లక్షల రూపాయలు, అంతకంటే విలువైన సంవత్సరాలు పోగొట్టుకుంటున్నారు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదై ఉండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆర్‌సీఐ గుర్తించిన అర్హతను ఆధారం చేసుకునే క్లినికల్ సైకాలజిస్టును నిర్వచించింది. ఆ అర్హత ఇంతకాలం ప్రధానంగా రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ ద్వారా వచ్చేది. నాలుగేళ్ల సైడీ, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ, మరో మార్గం. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు ఎంఫిల్‌ను రద్దు చేసినా, క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు యూజీసీ మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఇకపై ఎవరైనా ఎంఫిల్ సీటు ఇప్పిస్తామంటే, అది ఏ సంవత్సరపు ప్రవేశమో అడగకుండా ఒక్క రూపాయి కూడా చెల్లించవద్దు.

అభ్యర్థులు ఎక్కువగా దెబ్బతినేది, ఫలానా కోర్సు నడపడానికి సంస్థకు ఆర్‌సీఐ ఇచ్చే అనుమతి పత్రం దగ్గర. కొంతకాలం క్రితం మా జిల్లాకు చెందిన ఒక అమ్మాయి ప్లాస్టిక్ ఫోల్డరుతో నా దగ్గరకు వచ్చింది. ఎమ్మెస్సీ సైకాలజీ మార్కుల జాబితాలు, ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చిన ప్రవేశ పత్రం, లక్షన్నర రూపాయల రసీదు అందులో ఉన్నాయి. వాటి మధ్యలో ఆ సంస్థవారు ‘మాకు ఆర్‌సీఐ గుర్తింపు ఉంది’ అంటూ ఇచ్చిన జిరాక్సు ప్రతి ఉంది. పైన ఆర్‌సీఐ ముద్ర, సంస్థ పేరు స్పష్టంగానే కనిపించాయి. అడుగున ఉన్న పట్టిక కుడి అంచు మాత్రం జిరాక్సులో తెగిపోయింది. వెబ్‌సైటులో పూర్తి వివరాలు చూస్తే ఆ అనుమతి ప్రత్యేక విద్యలో డిప్లొమాకు ఇచ్చినదని తేలింది. అందులో క్లినికల్ సైకాలజీ ఊసే లేదు. ఆ సంస్థకు గుర్తింపు ఉందన్న మాట అబద్ధం కాదు, అయితే ఈ అమ్మాయి చేరిన కోర్సుకు ఆ గుర్తింపు లేదు.

అందుచేత అనుమతి పత్రాన్ని సంస్థ ఇచ్చిన జిరాక్సులో కాకుండా ఆర్‌సీఐ వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఉండే గుర్తింపు సంస్థల జాబితాలోనే చూడాలి. సంస్థ పేరు కనిపించగానే ఆగిపోకుండా, దాని ఎదురుగా కోర్సు పేరు అక్షరాలా ఏమని ఉందో చదవాలి. క్లినికల్ సైకాలజీకీ రిహాబిలిటేషన్ సైకాలజీకీ నమోదు విభాగాలు వేరు కనుక ఒకదాని అనుమతి రెండోదానికి పనికిరాదు. తరువాత చిరునామా చూడాలి. ఒకే ట్రస్టు కింద రెండు ఊళ్లలో ప్రాంగణాలు ఉన్నప్పుడు అనుమతి ఒక ఊరికి ఉండి తరగతులు మరో ఊరిలో జరగవచ్చు. చివరగా, అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది అనుమతి వర్తించే విద్యాసంవత్సరాలు. ఆర్‌సీఐ అనుమతి శాశ్వతం కాదు, నిర్దిష్ట సంవత్సరాలకే ఉంటుంది. గడువు ముగిసి పునరుద్ధరణ ఇంకా రాని ఏడాదిలో చేరితే, తరువాత నమోదుకు వెళ్లినప్పుడు దరఖాస్తు ఆగిపోయే ప్రమాదం ఉంది. ‘రెన్యువల్ ప్రాసెస్‌లో ఉంది, వచ్చేస్తుంది’ అన్న మాటను నమ్మి ఫీజు కట్టవద్దని నా మనవి. వచ్చిన తరువాతే కట్టండి.

ఇక పీహెచ్‌డీ దరఖాస్తు కొంత సులభం. పీజీలో సాధారణంగా 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష, మార్కులను పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా పరిగణిస్తున్నారు. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, రానివారికి ఆ మార్కులు ఏడాదిపాటే చెల్లుతాయి కనుక ప్రకటనలను వెంటనే గమనించుకోవాలి. వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. కనిష్ఠ వ్యవధి మూడేళ్లు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ ఇవ్వడాన్ని నిబంధనలే నిషేధించాయి, అలాంటి ప్రకటన ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా దాని జోలికి పోకూడదు. దూరవిద్యలో ఎంఏ చేసినవారు తమ పట్టాను ఆ సంస్థ అంగీకరిస్తుందో లేదో ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే దరఖాస్తు రుసుము కట్టడం మంచిది.

దరఖాస్తుకు ముందు విభాగంలో ఖాళీలు ఉన్నాయా అన్నది చూడాలి. ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించరాదు. మీరు పని చేయాలనుకున్న అంశంలో గైడుకు ఖాళీ లేకపోతే మీ పరిశోధన ప్రతిపాదన ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని హెల్త్ సైకాలజీ కేంద్రంలోనో, మరో విశ్వవిద్యాలయపు సైకాలజీ విభాగంలోనో చేసే పీహెచ్‌డీ గౌరవనీయమైనదే, అధ్యాపక వృత్తికి ఉపయోగపడేదే. దానిని ప్రాక్టీసు అనుమతిగా పొరబడకుండా ఉంటే చాలు. ఇప్పటికే పీహెచ్‌డీ పూర్తిచేసి ఈ సంగతి ఆలస్యంగా తెలిసినవారు కుంగిపోనక్కరలేదు. మీ పట్టా విలువ ఎక్కడికీ పోలేదు, రోగులను చూడాలనుకుంటే దానికి తోడు ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు కూడా చేయవలసి ఉంటుంది.

బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ వంటి కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థలకు దరఖాస్తు చేసే తెలుగువారు కుల ధ్రువీకరణ పత్రం దగ్గర మరోసారి చిక్కుకుంటారు. మన రాష్ట్రాలలో ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి వంటి పత్రాలు అక్కడ చెల్లవు. తహసీల్దారు కేంద్ర నమూనాలో జారీచేసిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. మీ కులం రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉంటుందని అనుకోవద్దు, ముందే సరిచూసుకోండి. పత్రం చేతికి రావడానికి రోజులు పడుతుంది కనుక ప్రకటన వెలువడిన రోజే దానికోసం తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి.

ఈ పనులన్నీ ఆన్‌లైన్‌లో స్వయంగా చేసుకోగలిగినవే. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీకి వీటిలో ఏ అధికారమూ లేదు. ఎవరికైనా డబ్బు చెల్లించవలసి వస్తే అది సంస్థ ఖాతాకే వెళ్లాలి, రసీదులో కోర్సు పూర్తి పేరు, విద్యాసంవత్సరం ఉండాలి. సర్టిఫికెట్ల అసలు ప్రతులను పరిశీలన తరువాత విద్యార్థికి తిరిగి ఇచ్చేయాలని, వాటిని సంస్థలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. పైన చెప్పిన అమ్మాయి ఆ ఉత్తర్వు ప్రతిని జతచేసి, ప్రవేశం రద్దు కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపింది. మూడో వారంలో అసలు సర్టిఫికెట్లన్నీ ఆమె చేతికి తిరిగి వచ్చాయి. ఫీజులో కొంత భాగం మాత్రం ఇంకా రావలసి ఉంది.