బ్రేక్ కీచుమంటోందా? శబ్దం ఎప్పుడు వస్తోందో ముందు గమనించండి

రాత్రంతా వాన కురిశాక పొద్దున కారు తీయగానే బ్రేక్ గరగరమంటే టెన్షన్ పడకండి. తడికి, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్ మీద పలచగా తుప్పు పడుతుంది. నాలుగైదు సార్లు బ్రేక్ నొక్కితే, డిస్క్‌ను అదిమి ఆపే ప్యాడే దాన్ని గీకేస్తుంది.

ఎండ కాసే రోజుల్లో కూడా సన్నగా కీచుమంటూనే ఉంటే ప్యాడ్ అరిగి ఉండొచ్చు. చాలా ప్యాడ్‌లకు చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్క్‌కు రాసుకుని కూస్తుంది. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. చక్రం సందులోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడ్ సగం పైనే ఉంది, ఇంకేం ఫర్వాలేదనుకున్నాను. తీరా చక్రం విప్పితే లోపలి ప్యాడ్ దాని వెనకుండే ఇనుప పలక దాకా అరిగిపోయి ఉంది! ప్యాడ్‌లను డిస్క్‌కు అదిమే క్యాలిపర్ జారే పిన్నులు ఎండి బిగుసుకుపోవడమే కారణం. అందుకే మెకానిక్‌తో రెండు ప్యాడ్‌లూ చూపించమనండి. పిన్నులు తుడిపించి, బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజే రాయించండి. మామూలు గ్రీజుకు అక్కడి రబ్బరు ఉబ్బిపోతుంది. డిస్క్ మీద మాత్రం చుక్క కూడా పడకూడదు.

ఇనుముతో ఇనుమును కోస్తున్నట్టు మోత వస్తే ఇంటిదాకా వెళ్దామనుకోవద్దు, బండి ఆపి టోయింగ్‌కు ఫోన్ చేయండి. డిస్క్ కనీస మందం సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. అంతకంటే తగ్గితే ఎడమా కుడీ రెండూ మార్చాలి.

మట్టిరోడ్డు మీద వెళ్లొచ్చాక, బ్రేక్ నొక్కకపోయినా కర్‌ర్‌మంటే డిస్క్ వెనక రేకులో రాయి ఇరుక్కుని ఉండొచ్చు. తీసేస్తే సరి.

తిరుమల, శ్రీశైలం ఘాట్ దిగి వచ్చాక మాడు వాసనతో కూత మొదలైతే వేడికి ప్యాడ్ గాజులా నున్నబడి ఉంటుంది. పైపైన అయితే ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది, పగుళ్లుంటే కొత్తవే వేయించాలి. ఈసారి ఘాట్ దిగేటప్పుడు రెండో గేర్‌లో దిగండి.

ప్యాడ్‌లు మార్చాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఆ తర్వాతే కారు కదపండి. మొదటి తొక్కుకు అది నేల దాకా దిగిపోతుంది.