ఆ పన్నెండు మాటలు జాగ్రత్త: క్రిప్టో వాలెట్‌ దొంగల పాలు కాకుండా చూసుకోవడం ఎలా

"అన్నా, పాస్‌వర్డ్ మార్చేశాను, ఇంక ఏం కాదు కదా?" కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఒక రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. వాలెట్‌లో ఏదో ట్రాన్సాక్షన్ ఆగిపోయిందని ఒక టెలిగ్రామ్ గ్రూపులో అడిగాడట. రెండు నిమిషాల్లో 'సపోర్ట్' అని పేరు పెట్టుకున్నవాడు ఎవడో విడిగా మెసేజ్ పెట్టి, చాలా మర్యాదగా మాట్లాడి, ఒక లింక్ పంపి వాలెట్‌ని అక్కడ వెరిఫై చేసుకోమన్నాడు, వీడు సీడ్ ఫ్రేజ్‌లోని పన్నెండు మాటలూ అందులో టైప్ చేసేశాడు. చేశాక అనుమానం వచ్చి యాప్ పాస్‌వర్డ్ మార్చాడు. మేం ఫోన్‌లో మాట్లాడుతుండగానే వాలెట్ ఖాళీ అయింది. నాలుగేళ్లుగా నెలనెలా జీతంలోంచి 5 వేలు తీసి కొనుక్కున్నదంతా పోయింది.

పాస్‌వర్డ్ మార్చడానికి పట్టిన ఆ రెండు నిమిషాల్లో ఇంకో కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా అందులోకి పంపేసి ఉంటే, కనీసం కొంతైనా మిగిలేదేమో. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తెలివితక్కువవాడు కాదు. పాస్‌వర్డ్‌కీ ఆ పన్నెండు మాటలకీ తేడా ఎవరూ చెప్పలేదు, అంతే. కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను.

వాలెట్ అంటాం గానీ అందులో నాణేలేమీ ఉండవు. ఏ అడ్రస్‌లో ఎంత ఉందనే లెక్క మొత్తం బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి చిట్టాలో, ఉంటుంది, మీ దగ్గర ఉండేది దాన్ని కదిలించే తాళం చెవి. వాలెట్ మొదటిసారి తెరిచినప్పుడు చూపించే 12 లేదా 24 ఇంగ్లీష్ మాటలే ఆ తాళం చెవి, వాటినే సీడ్ ఫ్రేజ్ అంటారు. చాలా వాలెట్లు ఈ మాటల్ని 2048 మాటలున్న ఒకే పట్టికలోంచి ఏరతాయి. అవి ఎవరి చేతిలో ఉంటే వాడు ప్రపంచంలో ఏ మూల నుంచైనా, మీ ఫోన్ ముట్టుకోకుండా, మీ పాస్‌వర్డ్ తెలియకుండా, మొత్తం ఊడ్చుకుపోవచ్చు. యాప్ పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ వేలిముద్ర గానీ మీ ఫోన్‌లో ఉన్న ఆ యాప్‌కి వేసిన గొళ్లెం మాత్రమే. ఇంకో సంగతి, బ్యాంకులో అయితే పొరపాటున వెళ్లిన డబ్బు మీద ఫిర్యాదు చేసుకోవచ్చు, ఇక్కడ వెళ్లిన ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తిప్పే మేనేజర్ ఎవరూ లేరు. అందుకని ఏ కంపెనీవాడైనా, ఎంత పెద్ద పేరు చెప్పినా, ఆ మాటలు అడిగాడంటే వాడు దొంగే. ఇందులో మినహాయింపు లేదు.

ఎక్స్ఛేంజ్‌లో, అంటే క్రిప్టో కొనీ అమ్మే కంపెనీ యాప్‌లో, పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. అక్కడ ఆ తాళం చెవి కంపెనీ దగ్గరే ఉంటుంది, మీ దగ్గర ఉండేది లాగిన్ మాత్రమే. వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగతనం జరిగింది, మన లెక్కలో దాదాపు రెండు వేల కోట్ల రూపాయలు. అందులో పెట్టినవాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, లింకులు నొక్కలేదు. అయినా తమ క్రిప్టోని బయటకు తీసుకోలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు. సరిగ్గా ఏడాదికి, 2025 జులైలో కాయిన్‌డీసీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్‌లో 4.4 కోట్ల డాలర్లు పోయాయి. అది కంపెనీ సొంత ఖాతాలోంచి పోయిందనీ, కస్టమర్ల డబ్బు క్షేమమనీ, నష్టం తామే భరిస్తామనీ కంపెనీ చెప్పింది. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల దాకా ఉండే బీమా క్రిప్టోకి వర్తించదు. ఎక్స్ఛేంజ్‌ని వాడొద్దనడం లేదు, కొనాలన్నా అమ్మాలన్నా అదే దారి. అయితే ఎఫ్‌ఐయూ-ఇండియాలో (అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ఆర్థిక శాఖ విభాగం) రిజిస్టర్ అయిన దాన్నే వాడండి, కొన్నది ఏళ్ల తరబడి అక్కడే వదిలేయకండి.

నేను మా ఇంట్లో డబ్బు పెట్టినట్టే పెడతాను. జేబులో కూరగాయల ఖర్చుకి కొంత, బీరువాలో కొంత, నగలు లాకర్లో. క్రిప్టో కూడా అంతే, కొనీ అమ్మీ తిప్పే కొంచెం ఎక్స్ఛేంజ్‌లో, చిన్న మొత్తం ఫోన్ వాలెట్‌లో, పోతే రాత్రి నిద్ర పట్టదు అనుకునేంత మొత్తం మాత్రం హార్డ్‌వేర్ వాలెట్‌లో, అదేంటో కింద చెప్తాను.

ఎక్స్ఛేంజ్ ఖాతాకి చేయాల్సినవి ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి. దీనికోసమే ఒక కొత్త ఈమెయిల్ తెరవండి, స్విగ్గీకీ కరెంటు బిల్లుకీ ఇచ్చిన పాత ఈమెయిల్ వద్దు. లాగిన్‌కి ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్, అంటే ఫోన్‌లోనే కొద్ది సెకన్లకోసారి కొత్త కోడ్ చూపించే యాప్, పెట్టుకోండి. ఎందుకంటే మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి మీ ఓటీపీలన్నీ వెళ్లిపోతాయి. సిటీ మధ్యలో ఉండగా ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాడి ఫోన్‌కి అదే నెట్‌వర్క్ బాగానే వస్తుంటే, ఫోన్ రీస్టార్ట్ చేసుకుంటూ కూర్చోకండి, వెంటనే ఇంకో ఫోన్ నుంచి మీ సిమ్ కంపెనీకి కాల్ చేయండి. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు, అదీ ఒకసారి చూడండి. ఆథెంటికేటర్ కోడ్‌లు గూగుల్ ఖాతాలో సింక్ అవుతుంటే ఆ గూగుల్ ఖాతా పోయిన రోజు కోడ్‌లూ పోతాయి, దానికీ గట్టి తాళం వేయాలి. ఇక చాలామంది ముట్టుకోని సెట్టింగ్ ఒకటుంది, విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్. అది ఆన్ చేస్తే మీరు ముందే చేర్చిన అడ్రస్‌లకే క్రిప్టో వెళ్తుంది, చాలాచోట్ల కొత్త అడ్రస్ చేర్చాక కొన్ని గంటలు ఆగాలి కూడా. దొంగ లోపలికొచ్చినా ఆ గంటలు మీ చేతిలో ఉంటాయి.

హార్డ్‌వేర్ వాలెట్ అంటే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం, లెడ్జర్, ట్రెజర్ లాంటివి. తాళం చెవి అందులోనే పుట్టి అందులోనే ఉంటుంది, వైరస్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించినా మాటలు బయటకు రావు. కొనేటప్పుడు నేరుగా కంపెనీ సైట్‌లోనో, కంపెనీ తన సైట్‌లో పేరిచ్చిన డీలర్ దగ్గరో కొనండి. జగదీష్ మార్కెట్లో ఫోన్ బేరమాడి కొన్నట్టు సెకండ్ హ్యాండ్‌లో కొనే వస్తువు కాదిది. డబ్బా తెరవగానే లోపల సీడ్ మాటలు ముందే రాసున్న కార్డు కనిపిస్తే అది వల, పక్కన పడేయండి. మాటలు మీ ఎదురుగా ఆ పరికరం తెర మీదే రావాలి. 2020లో లెడ్జర్ కస్టమర్ల పేర్లు, ఇంటి అడ్రస్‌లు బయటపడ్డాయి. ఆ తర్వాత వాళ్లకి నకిలీ ఈమెయిళ్లు, పోస్టులో నకిలీ పరికరాలు కూడా వచ్చాయి. అసలు కంపెనీ పేరుతో ఇంటికే వచ్చింది కదా అని నమ్మడానికి లేదు.

ఇక ఆ మాటల్ని దాచడం. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు తెలిసినవాళ్లలో సగం మంది తప్పు చేసేది ఇక్కడే.

ఫోటో తీయకండి. స్క్రీన్‌షాట్ వద్దు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, జీమెయిల్ డ్రాఫ్ట్‌లో పెట్టుకోవడం, డ్రైవ్‌లో 'పర్సనల్' అనే ఫోల్డర్, ఇవేవీ వద్దు. ఫోన్ గ్యాలరీలోని ఫోటోల్లో ఉన్న అక్షరాలు చదివి సీడ్ మాటలు వెతికి పంపే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ని కాస్పర్‌స్కీ వాళ్లు 2025 ఫిబ్రవరిలో బయటపెట్టారు, అది గూగుల్ ప్లేలోనూ ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ దొరికిన యాప్‌లలో ఉంది. పెన్నుతో కాగితం మీద రాయండి, వరుస నంబర్లతో, ఏ అక్షరం ఏదో తెలిసేలా. రాసిన కాగితాన్ని భద్రంగా ఉంటుందని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించకండి. మా ఆఫీసులో ఒకతను అమీర్‌పేటలో నిజంగా చేయించాడు, తర్వాత తప్పు తెలుసుకుని కొత్త వాలెట్‌కి మార్చుకున్నాడు. ఆ షాపువాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ అక్కడ లైన్లో ఉన్న పదిమంది ఆ కాగితం చూశారు.

కాగితానికి నీళ్లు శత్రువు. 2020 అక్టోబరు వరదల్లో మన హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగి, బీరువాల్లోని దస్తావేజులు తడిసి ముద్దైపోవడం చూశాం. అందుకని పెద్ద మొత్తమైతే స్టీల్ ప్లేట్ మీద మాటలు మీ చేత్తో చెక్కుకోండి, ఆ పట్టికలో ప్రతి మాటా మొదటి నాలుగు అక్షరాలతోనే గుర్తుపట్టేలా ఉంటుంది కాబట్టి నాలుగేసి అక్షరాలు చెక్కినా చాలు. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో బ్యాంకు లాకర్లోనో. పన్నెండు మాటల్ని ఆరూ ఆరూ విడగొట్టి రెండు చోట్ల దాచే తెలివి కొందరు చూపిస్తారు, ఒక ముక్క పోతే మీదే పోతుంది, ఇంకో ముక్క దొరికినవాడికి పని సులువవుతుంది, అలా చేయొద్దు.

రాసుకున్నాక పరీక్ష పెట్టండి. కొత్త పరికరంలోకి ముందు ఐదారు వందల రూపాయల విలువ పంపండి, తర్వాత ఆ పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేసి, రాసుకున్న కాగితం చూసి మాటలు మళ్లీ ఎక్కించండి. అదే అడ్రస్, అదే మొత్తం కనిపిస్తే మీరు సరిగ్గా రాసుకున్నట్టు. అప్పుడు మిగతాది పంపండి. నేను మొదటిసారి రాసినప్పుడు ఒక మాట తప్పు రాశాను, ఈ పరీక్ష వల్లే తెలిసింది, ఆరు వందల దగ్గరే బయటపడినందుకు ఇప్పటికీ సంతోషమే.

మాటలు చెప్పకపోయినా పోయే దారి ఒకటుంది, సంతకం, అంటే వాలెట్‌లో ఒక లావాదేవీకి మీరు ఒప్పుకోలు నొక్కడం. మెటామాస్క్ లాంటి వాలెట్‌ని ఏదో సైట్‌కి కనెక్ట్ చేసి, ఉచితంగా టోకెన్లు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే నాణేల్లాంటివి) వస్తాయంటే 'అప్రూవ్' నొక్కుతాం. ఆ అప్రూవల్‌లో నా టోకెన్లు ఎంతైనా తీసుకో అనే అనుమతి ఉండొచ్చు, అది నెలల తర్వాత కూడా పనిచేస్తుంది. రివోక్ డాట్ క్యాష్ సైట్‌లో మీ అడ్రస్ పెట్టి పాత అనుమతులు చూసి తీసేయొచ్చు. ఆ సైట్ పేరు కూడా మీరే టైప్ చేయండి, గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కకండి. కొత్త సైట్లు చూడాలని ఆశగా ఉంటే దానికి విడిగా వేరే మాటలతో ఒక వాలెట్ పెట్టుకుని, అందులో పోయినా బాధపడనంత ఉంచుకోండి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్‌లో సుమారు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు అక్కడి పెద్దవాళ్లు తెర మీద చూసింది మామూలు బదిలీ, సంతకం పెట్టింది మాత్రం వేరేదానికి. అంత జాగ్రత్త ఉన్నవాళ్లకే అలా అయింది. కంప్యూటర్ తెర ఏం చెప్పినా హార్డ్‌వేర్ వాలెట్ చిన్న తెర మీద ఏం రాసుందో చదివి, అర్థం కాకపోతే రద్దు చేయండి.

పంపేటప్పుడు పాత లిస్టులోంచి అడ్రస్ కాపీ చేయొద్దు. మీరు తరచూ పంపే అడ్రస్‌కి మొదలూ చివరా పోలిన అడ్రస్ తయారుచేసి, దాంతో మీకు సున్నా మొత్తం పంపి, మీ హిస్టరీలో కూర్చుంటారు. మధ్యలో అక్షరాలు కూడా సరిచూడండి. నెట్‌వర్క్ రెండువైపులా ఒకటేనా చూసుకోండి, డాలర్ విలువకి కట్టిన యూఎస్‌డీటీ టోకెన్‌ని టీఆర్‌సీ-20 (ట్రాన్ నెట్‌వర్క్) నుంచి ఈఆర్‌సీ-20 (ఎథీరియం నెట్‌వర్క్) అడ్రస్‌కి పంపబోతే ఆగండి. పెద్ద మొత్తమైతే ముందు కొంచెం పంపి, చేరాక మిగతాది.

పీ2పీలో, అంటే నేరుగా ఇంకో మనిషితో బ్యాంకు డబ్బుకి క్రిప్టో మార్చుకునే పద్ధతిలో, తెలియనివాళ్లకి అమ్మడం కూడా మానుకోండి. వాళ్లు వేసిన డబ్బు ఎవరినో మోసం చేసి తెచ్చిందైతే ఫ్రీజ్ అయ్యేది మీ బ్యాంకు ఖాతా.

ఒకవేళ పోయిందే అనుకోండి. ముందు మిగిలినదాన్ని కొత్త మాటలతో తెరిచిన వాలెట్‌లోకి, వీలైతే వేరే ఫోన్ నుంచి, పంపేయండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. ట్రాన్సాక్షన్ హ్యాష్ (ఆ లావాదేవీకి బ్లాక్‌చెయిన్‌లో ఉండే గుర్తింపు నంబర్), దొంగ అడ్రస్, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ డిలీట్ చేయకండి. డబ్బు ఏదైనా ఎక్స్ఛేంజ్ అడ్రస్‌లోకి వెళ్లినట్టు కనిపిస్తే వాళ్లకీ అదే నిమిషంలో రాయండి, ఆపగలిగే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ వారంలోనే 'మీ క్రిప్టో తిరిగి తెప్పిస్తాం' అంటూ ముందు ఫీజు అడిగేవాళ్లు వస్తారు. మా పిన్ని కొడుకుకి ముగ్గురు వచ్చారు. వాళ్లూ దొంగలే.

చివరగా ఇంట్లోవాళ్లు. బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటారు, మీ సొంత వాలెట్‌కి ఉండరు. నేను మాటలు రాయకుండా, పరికరం ఎక్కడుంది, ప్లేట్ ఎక్కడుంది, ఏ యాప్ వాడాలి, ఎవరికీ ఫోన్‌లో ఏమీ చెప్పకూడదు అని ఒక పేజీ తెలుగులో రాసి కవర్లో పెట్టి మా ఆవిడకి ఇచ్చాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను పక్కన కూర్చుని ఒక్క మాట కూడా సాయం చేయకుండా, ఆ పేజీ చూసి ఖాళీ పరికరంలో వాలెట్ తెరవమన్నాను. 40 నిమిషాలు పట్టింది, రెండుచోట్ల ఆగిపోయింది. ఆ రెండు వాక్యాలూ ఆ సాయంత్రమే మార్చి రాశాను.