యాంటీబయాటిక్ మొదలుపెట్టారా? రోజూ వేసుకునే మందులతో కలిపి ఎలా వాడాలి?

ముందు ఒక కాగితం మీద రోజూ వాడే మందులన్నీ రాయండి, విటమిన్ బిళ్ళలు, గ్యాస్ సిరప్, నొప్పి మాత్రలు కూడా. పైన పెద్దగా ఉండే బ్రాండ్ పేరు ఒక్కటే రాస్తే చాలదు, స్ట్రిప్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాయాలి. ఫోన్లో ఫొటోలున్నాయిగా అంటారు, వద్దు, కాగితమే. డాక్టర్ యాంటీబయాటిక్ రాయకముందే అది ముందు పెట్టండి, అలర్జీలు, కిడ్నీ సమస్య, గర్భం ఉంటే అప్పుడే చెప్పేయండి.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. "రెండు గంటలు గ్యాప్ ఇస్తే ఏదైనా వేసుకోవచ్చు" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దయచేసి నమ్మకండి. గ్యాప్ పనికొచ్చేది కడుపులో ఒకదాన్నొకటి పట్టేసుకునే మందులకే. సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో), డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ని కాల్షియం, ఐరన్, జింక్, గ్యాస్ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం పట్టేసుకుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. మా అమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి మూడు రోజులైనా జ్వరం దిగలేదు, తీరా చూస్తే సిప్రో, కాల్షియం రెండూ డబ్బాలో ఒకే గడిలో ఉన్నాయి, ఒకే గుక్కలో మింగేస్తోంది. సిప్రో వీటికి 2 గంటల ముందైనా వేసుకోవాలి, లేదా 6 గంటల తర్వాతైనా. ఉదయం 8కి, రాత్రి 8కి సిప్రో అయితే కాల్షియం మధ్యాహ్నం 2కి, అంతే, లెక్క సరిపోతుంది.

కొన్ని జంటలకి మాత్రం ఎంత గ్యాప్ ఇచ్చినా లాభం లేదు, ఎందుకంటే గొడవ కడుపులో కాదు, లివర్‌లో, అక్కడ ఒక మందు రెండోదాన్ని కరగనివ్వకుండా ఆపేస్తే అది రక్తంలో పేరుకుపోతుంది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకి మెట్రోనిడజోల్ గానీ కోట్రైమోక్సజోల్ గానీ, ఈ యాంటీబయాటిక్స్ రాస్తే రక్తస్రావం ప్రమాదం బాగా పెరుగుతుంది, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్ట్ మళ్ళీ ఎప్పుడో అక్కడే అడగండి, వార్ఫరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వేసుకుంటూ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదు, కండరాలు దెబ్బతింటాయి. కండరాల బిగుతుకి ఇచ్చే టిజానిడిన్‌తో సిప్రో అసలే వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

చిగుళ్ళలోంచి రక్తం, నల్లటి విరేచనం, ముదురు రంగు మూత్రంతో ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

కోర్సు అయిపోయాక ఇంకో పనుంది, మధ్యలో డాక్టర్ ఆపించిన మాత్ర మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో, తగ్గించిన వార్ఫరిన్ డోసు ఎప్పుడు మార్చాలో అడిగి అదే కాగితం మీద తేదీ వేసి రాసుకోండి.