థైరాయిడ్ మాత్రతో క్యాల్షియం వేసుకోవచ్చా? నాకు జవాబు దొరికిన దారి

అమ్మ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులకని క్యాల్షియం కూడా చేరింది. రెండూ కలిపి వేసుకోవచ్చా అంటే తలా ఒక మాట. వాట్సాప్ ఫార్వర్డులు, యూట్యూబ్ వీడియోలు, మందులమ్మే సైట్లు, పక్కింటి పిన్నిగారు... ఎక్కడా తేలలేదు.

పనిచేసింది ఇది. బ్రాండ్ పేరు వదిలేసి, స్ట్రిప్ వెనక సన్నక్షరాల్లో ఉండే అసలు పేరు చూశాను: లీవోథైరాక్సిన్ సోడియం. వెండిరంగు రేకు మీద అది కంటికి ఆనదు, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకోవాలి. సగం వాడేసిన స్ట్రిప్ మీద పేరు కూడా సగమే మిగులుతుంది, కొత్తది తీయండి.

ఆ పేరుతో మెడ్‌లైన్‌ప్లస్ అనే వెబ్‌సైట్లో వెతికాను. అది అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్లది, ప్రకటనలుండవు. పైపైన చదివితే దొరకదు. జాగ్రత్తల భాగం దాకా దిగాలి. క్యాల్షియం కార్బొనేట్‌కీ ఈ మాత్రకీ కనీసం 4 గంటల ఎడం ఉండాలని అక్కడుంది, ఐరన్‌కీ అంతే. కడుపులో క్యాల్షియం ఈ మందుకు అంటుకుని ఒంటికి పట్టనివ్వదట. అడుగున సవరించిన తేదీ చూసుకుని, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పేజీతో కూడా సరిచూశాను. ఆ పేజీ చూపిస్తే డాక్టరుగారు క్యాల్షియాన్ని రాత్రి భోజనం తర్వాతకి మార్చారు.

బాగా వాడుకలో ఉన్న మందులకైతే ఈ పద్ధతి నడుస్తుంది. మన దగ్గర రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ. వాటికి ఒక్కో పేరూ విడిగా వెతకాలి, కొన్ని అసలు దొరక్కపోవచ్చు. ఆయుర్వేదం మందులకు నేను ప్రయత్నించలేదు.