ఎలుక ఊపిరితిత్తిలో కాపురమున్న కణాలను లెక్కపెట్టడం ఎలా

పోయిన నెల మా జూనియర్ ఒకడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్లూ తగ్గిన ఎలుక ఊపిరితిత్తిలో మెమరీ టి కణాలు బోలెడు కనిపిస్తున్నాయి, గ్రాఫ్ అదిరిపోయింది" అన్నాడు. మెమరీ టి కణాలంటే పాత వైరస్‌ని గుర్తుపెట్టుకునే తెల్లకణాలు. ఐవీ లేబుల్, అంటే సిరలోకి రంగు యాంటీబాడీ, ఇచ్చావా అని అడిగాను. "పర్‌ఫ్యూజ్ చేశాను కదన్నా, సెలైన్‌తో రక్తమంతా కడిగేశాను, ఊపిరితిత్తి తెల్లగా అయిపోయింది, ఇంకా రక్తం ఎక్కడుంటుంది?" అన్నాడు. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ ఇదే ప్రశ్న అడిగాను. వాడికి ఆ రోజు గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి ఒక నెల ఎలుకలైనా మిగులుతాయి.

ముందు చిక్కు ఏమిటో చూడండి. ఫ్లూ లాంటి వైరస్ వచ్చి తగ్గాక కొన్ని టి కణాలు రక్తంలోకి తిరిగి వెళ్ళకుండా ఊపిరితిత్తిలోనే కాపురం పెడతాయి. మళ్ళీ వైరస్ వస్తే ముందు అడ్డుపడేది ఇవే. మనం లెక్కపెట్టాల్సింది వీటిని. కానీ ఊపిరితిత్తి అంటేనే రక్తనాళాల గుట్ట. సన్న గొట్టాల్లో ఇరుక్కున్న కణాలు సెలైన్‌తో ఎంత కడిగినా పోవు. 2012లో మిన్నెసోటా యూనివర్సిటీలో డేవిడ్ మసోపస్ట్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. ఒళ్ళంతా పాకే ఇన్‌ఫెక్షన్ తర్వాత మామూలు పద్ధతిలో ఊపిరితిత్తి నుంచి తీసిన మెమరీ సీడీ8 టి కణాల్లో (వైరస్ సోకిన కణాలని చంపే రకం) 95 శాతానికి పైగా నిజానికి రక్తనాళాల్లోనే ఉన్నాయట, అదీ పర్‌ఫ్యూజన్ చేశాక. అంతకుముందు వేసిన గ్రాఫులు ఎన్ని తప్పో ఊహించుకోండి.

దీనికి విరుగుడు మన పెళ్ళి గుమ్మం దగ్గర ఉంది. వచ్చేవాళ్ళందరి మీదా పన్నీరు చల్లుతారు. లోపల వంటింట్లో ఉన్నవాళ్ళ మీద పడదు. ఎలుక ప్రాణంతో ఉండగానే, రంగు తగిలించిన యాంటీబాడీని తోక సిరలోకి ఎక్కిస్తే రక్తంలో ఉన్న కణాలన్నిటికీ అది అంటుకుంటుంది. కణజాలం లోపల ఉన్నవి తడవవు.

ఇక పని. ఎథిక్స్ కమిటీ అనుమతి, బయోసేఫ్టీ అనుమతి చేతిలో లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. ఎలుకలు సీ57 బ్లాక్ 6 రకం అయితే మేలు, ఫ్లూని గుర్తుపట్టే టి కణాలకి మాత్రమే అంటుకునే టెట్రామర్లు వాటికి సులువుగా దొరుకుతాయి. ఫ్లూ వైరస్‌లో ఎక్స్31 అనే ల్యాబ్ రకం తీసుకోండి. ఇది హెచ్3ఎన్2. ఇంకో ల్యాబ్ రకం పీఆర్8 అయితే ఎలుక మరీ చిక్కిపోతుంది, దాన్ని తర్వాతి పరీక్షకి దాచుకోండి. డోసు మాత్రం వేరేవాళ్ళ పేపర్ చూసి వేయొద్దు. ఒక్కో స్టాక్ బలం ఒక్కోలా ఉంటుంది, మీ సీసాని మీరే టైట్రేట్ చేసుకోవాలి, అంటే ఎంత డోసుకి ఎంత జబ్బు వస్తుందో చూసుకోవాలి.

ఎలుకకి మత్తు బాగా ఎక్కాకే ముక్కులో వేయాలి. సగం మెలకువలో ఉంటే చుక్క ముక్కులోనే ఆగిపోతుంది, లేదా మింగేస్తుంది. మెడ మీద తోలు పట్టుకుని నిలువుగా ఎత్తి, పిపెట్ కొన ముక్కు రంధ్రం అంచున పెట్టి, 30 మైక్రోలీటర్లు చిన్న చిన్న చుక్కలుగా వదలండి. చుక్క ఒక్క క్షణం బుడగలా నిలబడి, ఊపిరి లోపలికి పోగానే మాయమవుతుంది. అప్పుడే ఇంకో చుక్క. తర్వాత రోజూ ఒకే వేళకి బరువు తూచండి. వారం దాటే సరికి బాగా తగ్గి, మళ్ళీ పుంజుకుంటాయి. అస్సలు బరువు తగ్గని ఎలుక ఉంటే దానికి వైరస్ లోపలికి పోయిందో లేదో అనుమానించాలి.

30 రోజులు ఆగండి. ఇంకా ముందు చూస్తే కనిపించేవి యుద్ధం నుంచి ఇంకా ఇంటికి వెళ్ళని సైనికులే. అలాగని నెలల తరబడి ఆగకండి. చర్మంలో ఇలాంటి కణాలు చాలాకాలం ఉంటాయి గానీ ఎలుక ఊపిరితిత్తిలో ఉన్న సీడీ8 కణాలు కొన్ని నెలల్లోనే పలచబడతాయి. "జలుబు ఒకసారి వచ్చాక మళ్ళీ ఎందుకొస్తుందిరా?" అని మా అమ్మ అడిగినప్పుడు, వైరస్ వేషం మార్చడంతో పాటు ఈ పలచబడటం కూడా చెప్పాను. "అయితే నీ ఎలుకలకీ అంతేనా" అని ఊరుకుంది.

అసలు రోజు. 3 మైక్రోగ్రాముల యాంటీబాడీని 200 మైక్రోలీటర్ల సెలైన్‌లో కలపండి. సీడీ అంకెలు కణాల మీదుండే గుర్తుల పేర్లు. సీడీ45ని పట్టే యాంటీబాడీ వాడితే తెల్లకణాలన్నీ తడుస్తాయి. సీడీ8 ఆల్ఫా వాడితే, తర్వాత గిన్నెలో స్టెయిన్ చేసేటప్పుడు, అంటే బయటికి తీసిన కణాలకి రంగు యాంటీబాడీలు పట్టించేటప్పుడు, సీడీ8 బీటా వాడాలి, లేకపోతే రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. ఎలుకని హీట్ ల్యాంప్ కింద కాసేపు ఉంచితే తోక సిర ఉబ్బుతుంది. ఇరుపక్కలా ఉండే నీలం గీతే సిర. సూది సిరలో ఉంటే మందు ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది, గీత ఒక్కసారి తెల్లబడుతుంది. బిగిసినట్టు అనిపించినా, తోక మీద చిన్న బొబ్బ లేచినా తప్పిందన్నమాటే. ఇంజెక్షన్ అవగానే స్టాప్‌వాచ్ నొక్కండి. మూడు నిమిషాలు. ఎక్కువ ఆగితే యాంటీబాడీ నాళం దాటి కణజాలంలోకి ఊరుతుంది. అందుకే ఒక్కో ఎలుకకీ విడిగా టైం చూడాలి, ఐదింటికీ వరసగా గుచ్చేసి తర్వాత చూద్దాం అనుకోకండి.

మూడో నిమిషంలో ఎలుకని చంపి, ముందు రక్తం ఒక ట్యూబులోకి తీయండి. ఇది మర్చిపోతే మొత్తం పని వృథా. ఎందుకో నా కథ చెప్తాను.

నా మొదటి ప్రయోగంలో సీడీ8 కణాల్లో 90 శాతం లేబుల్ లేకుండా కనిపించాయి. అంటే అన్నీ కాపురమున్నవే! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, సంతోషపు టెన్షన్. పొద్దున్నే మా సీనియర్‌కి చూపించాను. ఆవిడ గ్రాఫ్ వంక చూడనైనా లేదు. "బ్లడ్ ట్యూబ్ ఏది?" అంది. అదృష్టం బాగుండి ఒక మూల పారేయకుండా ఉంచాను. కణాల రంగులు లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్‌లో రన్ చేస్తే రక్తంలో కణాలకీ లేబుల్ లేదు. మందంతా తోక తోలు కిందకి పోయింది. సూది తప్పితే వచ్చే గ్రాఫ్ చూడ్డానికి గొప్ప ఫలితంలానే ఉంటుంది. అదే దీంతో ప్రమాదం. రక్తంలో దాదాపు అన్నీ తడవాలి, లింఫ్ గ్రంథిలో దాదాపు ఏవీ తడవకూడదు. ఊపిరితిత్తి కడిగిన నీళ్ళలో, అంటే బాల్‌లో వచ్చే కణాలు కూడా తడవకూడదు. ఈ మూడూ కుదరని ఎలుకని లెక్కలోంచి తీసేయండి, ఎంత ముద్దొచ్చినా.

ఊపిరితిత్తిని కత్తెరతో ఉప్మాలో ఉల్లిపాయంత ముక్కలు చేసి, కొలాజినేజ్, డీఎన్ఏజ్ ఎంజైమ్‌లు కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర అరగంట ఊపండి. పూర్తిగా కరగలేదని ఇంకో గంట ఉంచితే కణం మీదున్న గుర్తులు కూడా తెగుతాయి. వడగట్టి, ఎర్రకణాలు పగలగొట్టి, ఐస్ మీద స్టెయిన్ చేయండి. గేట్లు, అంటే కంప్యూటర్‌లో కణాలని వడపోసే వరస, మామూలే: బతికున్నవి, సీడీ8, సీడీ44 ఎక్కువున్నవి, టెట్రామర్ పట్టినవి, వాటిలో లేబుల్ లేనివి. వాటి మీద సీడీ69, సీడీ103 రెండూ ఉంటే మనవే. సీడీ69 ఒక్కటే చూసి మురిసిపోకండి, ఇప్పుడే ఉత్తేజపడ్డ కణం మీదా అది ఉంటుంది. సీడీ4 కణాల (మిగతా కణాలకి సాయపడే టి కణాలు) మీద సీడీ103 పెద్దగా ఉండదు, వాటిని ఆ తూకంతో తూచొద్దు.

యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకీ ఇదే లేబుల్ పనికొస్తుంది. ఊపిరితిత్తిలో కాపురముండే మెమరీ బి కణాలు ఏర్పడాలంటే వైరస్ సరుకు ఊపిరితిత్తిలోనే తగలాలని 2019లో తేలింది. ముక్కు టీకాల మీద ఆశకి ఇదీ ఒక కారణం. మన భారత్ బయోటెక్ ముక్కులో వేసే కోవిడ్ టీకా ఇన్‌కోవాక్ 2023 జనవరిలో వచ్చింది.

కణాలున్నాయని తేలాక అవి పనిచేస్తాయా అన్నది చూడటానికే దాచిన పీఆర్8. ఎక్స్31కి పైతొడుగు 1968 హాంకాంగ్ వైరస్‌ది, లోపలి సరుకు పీఆర్8దే. కాబట్టి ఎక్స్31 తగిలిన ఎలుకకి పీఆర్8 ఇస్తే పైతొడుగుని పట్టే పాత యాంటీబాడీలకి అది అంతుపట్టదు, టి కణాలు మాత్రం గుర్తుపడతాయి. తాగే నీళ్ళలో ఎఫ్‌టీవై720 అనే మందు కలిపితే లింఫ్ గ్రంథుల్లోని టి కణాలు బయటికి రాలేవు. అప్పుడు కూడా ఎలుక తట్టుకుంటే ఆ గొప్ప ఊపిరితిత్తిలో ఉన్నవాటిదే.

మనుషులకి ఇలా లేబుల్ ఎక్కించి కోయలేం కదా. అక్కడ ఇంకో దారి దొరికింది. ఊపిరితిత్తి మార్పిడి చేయించుకున్నవాళ్ళలో, దాత టి కణాలు ఏడాది దాటినా కొత్త మనిషిలో ఆ ఊపిరితిత్తిలోనే ఉన్నాయని 2019లో చూపించారు. మా జూనియర్‌కి ఇది చెప్తే "మరి నా గ్రాఫ్ సంగతేంటన్నా?" అన్నాడు. రక్తం ట్యూబు ఉందా అని అడిగాను. లేదు. వాడు వచ్చే వారం మళ్ళీ మొదటి నుంచి బరువులు తూస్తాడు.