ఫుట్‌బాల్ లోన్ ఒప్పందం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మే నెలలో వెనక్కి పిలవొచ్చా?

లోన్ అంటే ఒక క్లబ్ తన ఆటగాణ్ణి కొంతకాలానికి ఇంకో క్లబ్‌కి ఇవ్వడం. గత పాఠంలో అలాంటి ఒక లోన్ ప్రకటన ఇచ్చి, అందులో తేదీలు ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత గీయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ పాఠంలో పనంతా దానితోనే.

ముందు రంగం గుర్తుచేసుకుందాం. 2018–19లో ఇంగ్లండ్ చాంపియన్‌షిప్‌లో (ప్రీమియర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లూ నేరుగా ప్రీమియర్ లీగ్‌కి వెళ్తాయి. అప్పట్లో 3 నుంచి 6 దాకా ఉన్నవాళ్లు మే నెలలో ప్లే-ఆఫ్స్ ఆడాలి: రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్, ఆపైన లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఫైనల్.

ఇప్పుడు ప్రశ్న. మీ జట్టు ప్లే-ఆఫ్స్‌కి చేరింది. గోల్స్ కొట్టేవాడేమో ఇంకో క్లబ్ నుంచి లోన్ మీద వచ్చినవాడు. అతని సొంత క్లబ్‌లో ఇద్దరికి గాయాలయ్యాయి. ఆ క్లబ్ వాళ్లు అతన్ని లాక్కుపోతారా? మామూలుగా అయితే, లేదు. సీజన్ మొత్తానికి తీసుకున్న లోన్‌లో వెనక్కి పిలిచే షరతు రాసుకున్నా, అది పనిచేసేది జనవరి విండోలోనే (విండో అంటే ఆటగాళ్లు క్లబ్ మారడానికి అనుమతి ఉన్న గడువు). విండో మూసుకుందంటే ఆటగాడు సీజన్ చివరిదాకా మీవాడే. నేనూ ఒకప్పుడు మార్చిలో "ఇంకా పిలిచేస్తారు చూడు" అని ఫ్రెండ్‌తో గట్టిగా వాదించి, తర్వాత నోరు మూసుకున్నవాడినే.

నా తప్పుకీ ఒక కారణం ఉంది. పాత రోజుల్లో ఎమర్జెన్సీ లోన్లు ఉండేవి. విండోతో పని లేకుండా, మార్చి నాలుగో గురువారం దాకా, గరిష్ఠంగా 93 రోజులకు ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. ఫిఫా అభ్యంతరంతో 2016–17 నుంచి అవి పోయాయి. గోల్‌కీపర్ల విషయంలో మాత్రం వారం రోజుల అత్యవసర లోన్ మిగిలింది.

కాబట్టి ప్రకటన చేతికి రాగానే చూడాల్సింది మే నెలను కాదు, జనవరిని. "జనవరిలో వెనక్కి పిలిచే హక్కు" అన్న మాట ఉందా? ఉంటే అక్కడ రెండు గీతలు గీయండి. టెన్షన్ అంతా అక్కడే.

అదే సీజన్‌ని దగ్గరగా చూడండి. లెస్టర్ క్లబ్ నుంచి లోన్ మీద వచ్చిన హార్వీ బార్న్స్ వెస్ట్ బ్రామ్ జట్టుకు లీగ్‌లో 9 గోల్స్ కొట్టాడు. జనవరిలో లెస్టర్ అతన్ని పిలిచేసుకుంది. వెస్ట్ బ్రామ్ నాలుగో స్థానంలో నిలిచి, సెమీస్‌లో ఆస్టన్ విల్లాకు ఎదురైంది. మొదటి మ్యాచ్‌లో డ్వైట్ గేల్‌కు రెడ్ కార్డు. అతనూ న్యూకాసిల్ నుంచి లోన్ మీద వచ్చినవాడే. దాంతో రెండో మ్యాచ్‌కు బార్న్స్ లేడు, గేల్ లేడు. కథ పెనాల్టీలదాకా వెళ్లింది. విల్లా తరఫున ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించింది టామీ ఆబ్రహాం, చెల్సీ నుంచి లోన్ మీద వచ్చినవాడు. ఆ జనవరిలో అతను వూల్వ్స్ అనే ఇంకో క్లబ్‌కు వెళ్తాడని పత్రికలు రాశాయి కూడా. వెళ్లలేదు. ఒక జనవరి, రెండు నిర్ణయాలు. బార్న్స్ ఉండుంటే వెస్ట్ బ్రామ్ గెలిచేదని నేను ఒట్టేసి చెప్పను గానీ, ఆ రాత్రి వాళ్ల అభిమానులు జనవరిని తిట్టుకోకుండా ఉంటారా?

2019 మే 27న విల్లాకూ డార్బీకీ ఫైనల్. లోన్ మీద వచ్చినవాళ్లను చూడండి. డార్బీకి మేసన్ మౌంట్, టొమోరి, హ్యారీ విల్సన్. విల్లాకు ఆబ్రహాం, మింగ్స్, టువాన్జెబీ, ఎల్ ఘాజీ. మొదటి నిమిషం నుంచి ఆడినవాళ్లలోనే ఏడుగురు లోన్ ఆటగాళ్లు! విల్లా 2–1తో గెలిచింది, మొదటి గోల్ ఎల్ ఘాజీదే.

అభ్యాసం: 2013 జనవరిలో క్రిస్టల్ ప్యాలెస్ విల్‌ఫ్రెడ్ జాహాను మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మి, మళ్లీ అతన్నే లోన్ మీద తెచ్చుకుంది. మే 27న వాట్‌ఫర్డ్‌తో ప్లే-ఆఫ్ ఫైనల్‌లో పెనాల్టీ సంపాదించింది అతనే. కొట్టిన కెవిన్ ఫిలిప్స్ కూడా బ్లాక్‌పూల్ నుంచి లోన్ మీదే వచ్చాడు. ఆ రోజు జాహా ఎవరి ఆస్తి? అతని లోన్ కాగితంలో ముగింపు తేదీని "46వ లీగ్ మ్యాచ్ దాకా" అని రాసుకుని ఉంటే ఏమయ్యేది? రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది.